వైజాగ్ పోయినా బొగ్గే

(ఎండకాలం రాతలు - 4)



కోస్తా అనంగనే మీకు సముద్రం యాదికొస్తదేమో. నాకు కారంచేడు యాదికొస్తది. హాస్టల్ల ఉండి చదువుకునే రోజులల్ల సీనియర్ అక్కలు చెప్పిన మొదటి కోస్తా ఊరు అది. 1985 జులై. మాదిగలు తాగే చెరువు నీళ్లల్ల బర్రెల కుడితి బకెట్లు కడుగుతుంటే ఇదేందని అడిగిన కాడ మొదలైంది. మున్నంగి సువార్త తన బిందె ఎత్తింది. తెల్లారి 17వ తారీఖున ఆరుగురిని ఎంటవడి చంపిండ్రు. బతికినోళ్లు చీరాలకు చేరి శిబిరం పెట్టుకున్నరు. దళిత మహాసభ పుట్టింది అక్కడ్నే. చీరాల సముద్రపొడ్డు పట్నం, చాలామంది అక్కడికి స్నానాలకు పోతరు. నా మనసుల మాత్రం చీరాల అంటే ఇప్పటికీ ఆ శిబిరమే. దాని తర్వాత చుండూరు, 1991 ఆగస్టు 6. గిట్ల మ్యాపు మీద కోస్తా పొడుగుతా నాకు ఊళ్ల పేర్లకంటే ముందు తేదీలు కనపడ్తయి.

పిల్లలు వైజాగ్ పోదామన్నప్పుడు ఇదంత చెప్పబోయిన. మా పెద్దబిడ్డకు పదమూడేండ్లు. "అమ్మా, నీకు ప్రతి ఊరికి ఒక తారీఖు ఉంటది. మేం సముద్రం చూస్తం, నువ్వు తారీఖులు చూస్కో" అన్నది. సరే అన్న. ఈ రాత అట్ల పోయొచ్చిన నాలుగు రోజుల గురించి. నచ్చిందా నచ్చలేదా అని ఫోన్ చేసినోళ్లందరు అడిగిండ్రు. రెండూ.

ముందుగాల పోనీకి పైసలు ఎక్కడియో చెప్పాలె, ఎందుకంటే దాని గురించి చెప్పకుంటే మిగిలిందంతా ఫొటోల ఆల్బం అయితది. మా ఆయన సింగరేణిల పర్మినెంట్ కార్మికుడు. నాలుగేండ్లకొకసారి ఎల్‌ఎల్‌టీసీ వస్తది, అంటే దూరం తిరిగిరానీకి కంపెనీ ఇచ్చే పైసలు. అండ్ల చీటీ పైసలు కలిపితే ఐదుగురం పోయొచ్చేటంత అయినయి. ఐదో మనిషి మా తమ్ముని బిడ్డ, పదేండ్ల పోరి. మా తమ్ముడు గూడ బొగ్గులనే పనిచేస్తడు గని కాంట్రాక్టరు కింద, ఓపెన్‌కాస్టుల మట్టి తీసే కాడ. అదే మట్టి, అదే దుమ్ము, అదే ఎండ. ఎల్‌ఎల్‌టీసీ లేదు. మా బాపు ఒక్కడే, ఆయన మనవరాండ్లల్ల ఒకరికి సముద్రం హక్కుగా వచ్చింది, ఇంకొకరికి మేనత్త తీసుకపోతే వచ్చింది. ఆ పోరికి ఈ లెక్క ఎవ్వలు చెప్పలే, గని రైల్ల కిటికి పక్క సీటు అడగలే. మా చిన్నోడు అడిగి కొట్లాడి కూసున్నడు, ఈమె నడుమ కూసున్నది. నాకు కడుపుల ఎట్లనో అయింది.

కాజీపేటల గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినం. పొద్దుగాల విశాఖపట్నంల దిగినం. మే నెల. మన కాడ ఆ దినాలల్ల రాత్రి పదకొండింటికి గూడ గోడ ముట్టుకుంటే కాలుతది, ఎన్టీపీసీ ఒక దిక్కు, ఓపెన్‌కాస్టులు ఒక దిక్కు. వైజాగ్‌ల ఎండ తక్కువే గని ఆ చెమట ఏందో. అంగి పిండితే నీళ్లు కారేటట్టు. "అమ్మా, ఇక్కడి గాలి ఉడికినట్టున్నది" అన్నడు చిన్నోడు. మొదటి మార్కు అట్ల పోయింది.

సముద్రం మాత్రం దానికదే. ఆర్కే బీచ్‌ల మెట్లు దిగుతుంటే ముగ్గురు పిల్లలు ఒక్కసారే నోరు మూసుకున్నరు. రైల్ల రాత్రంత వాళ్ల నోరు మూయించలేక సచ్చిన. తమ్ముని బిడ్డ నా కొంగు పట్టుకొని అడిగిన మొదటి మాట ఇది: "అత్తమ్మా, ఇది ఎవ్వలది?"

మా ఊర్ల ప్రతి నీళ్లకు ఒక ఓనరు ఉన్నడు. బాయి పటేలుది, చెరువు ఊరిది అంటరు గని ఊరంటే ఎవ్వరో మనకు తెలుసు, క్వార్టర్ల నల్లా కంపెనీది. ఇది ఎవ్వలది గాదు బిడ్డా అన్న. టికెట్ లేదు, గేటు లేదు, పేరడిగేటోడు లేడు. కొత్త పెండ్లాం మొగలు, బురఖాల ఆడోళ్లు, ఎక్కడ్నుంచో లారీ కట్టుకొని వచ్చిన కూలోళ్లు, కార్లల్ల దిగినోళ్లు, అందరి కాళ్లు ఒకటే అలల తడుస్తున్నయి. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్‌ల చవదార్ చెరువు నీళ్లు దోసిట్ల తీసుకునేటందుకు వేలమందితోటి నడవాల్సొచ్చింది. ఇక్కడ మా చిన్నోడు మోకాళ్ల దాక దిగి, నోట్లకు పోయిన ఉప్పునీళ్లు ఉమ్ముకుంట నవ్వుతున్నడు. వాని నవ్వు చూసి కొంచెంసేపు నేను తేదీలన్ని మర్చిపోయిన. (తాగనీకి పనికిరాని నీళ్లకు అంటు ఎవడు పెడతడు అని మా ఆయన అన్నడు. అది గూడ నిజమే.)

ఇగ లోపలికి పోనియ్యలే. ఆర్కే బీచ్‌ల అల వెనక్కు గుంజేటప్పుడు మస్తు బలంగ గుంజుతది, ఏటా పిల్లలు పోతనే ఉన్నరు, హెచ్చరిక బోర్డులు ఉన్నయి. మీరు పోతే పిల్లల చెయ్యి వదలకుండ్రి. గోదావరి ఈదినోళ్లం గదా అనుకోకుండ్రి.

మేం దిగింది హోటల్ గాదు. ఒక ఇంట్ల పై అంతస్తుల రెండు గదులు, రోజు కిరాయికి. ఇంటామె మంచిగ మాట్లాడింది. పిల్లలు ఎండల వచ్చిండ్రని వంటింట్ల నుంచి చల్లటి నీళ్ల చెంబు తెచ్చిచ్చింది, మామిడిపండు కోసి పెట్టింది. ఏ ఊరని అడిగింది, బొగ్గు గనులంటే ఆశ్చర్యపోయింది, లోపలికి దిగుతారా అని మా ఆయనను అడిగింది. రెండో రోజు సాయంత్రం మెట్ల కాడ మా పెద్దబిడ్డను అడిగింది: "మీరేవిట్లమ్మా?"

మన కాడ ఈ ప్రశ్న వేరే తీరుగ వస్తది. మీరేందోళ్లు అనో, ఇంటిపేరు ఏందనో. మా బిడ్డకు ఈ మాట అర్థం కాలే. "అంటే?" అన్నది. ఆమె నవ్వి, "అదేనమ్మా, ఏ కులం అని" అన్నది. బిడ్డ "మాదిగ" అన్నది, మా ఊరు గోదావరిఖని అని చెప్పినంత తేలికగ. నేను పైన బట్టలు ఆరేస్కుంట విన్న. ఆమె "అలాగా" అన్నది. గంతే. తిట్టలే, ఖాళీ చేయమనలే, మొఖం గూడ మార్చలే. తెల్లారి చిన్నోడు నీళ్ల సీసా పట్టుకొని కిందికి పోతే, "బయట కుళాయి ఉంది బాబూ" అన్నది. వాడు నా కాడికొచ్చి కుళాయి అంటే ఏందని అడిగిండు. నల్లా బిడ్డా అన్న. వాడు ఒక కొత్త మాట నేర్చుకున్ననని సంబురపడ్డడు. పెద్దది నా దిక్కు చూసింది. అది తారీఖులు అక్కర్లేదన్న పిల్ల.

చెల్లెండ్లు కొందరు నన్ను అడుగుతరు, ఇప్పుడు సిటీలల్ల ఎక్కడున్నదక్కా అని. చెంబుకు కుళాయికి నడుమ ఒక్క రాత్రి ఉన్నది. ఎవ్వలకన్న కేసు పెట్టేటంత ఏం జరగలే. గందుకే రాస్తున్న.

అదే తెల్లారి బీచ్‌ల మత్స్యకారులు అలివి వల గుంజుతున్నరు. పొడుగాటి తాడుకు రెండు దిక్కుల మనుషులు, ఒడ్డు మీద్నుంచి గుంజుడే. జాలర్లు, వాడబలిజోళ్లు. పిల్లలు దగ్గరికి పోతే ఒక పెద్దమనిషి "రండిరా, ఓ సెయ్యెయ్యండి" అని తాడు చేతికిచ్చిండు. ముగ్గురు గుంజిండ్రు. వలల పడ్డది చాలా తక్కువ, చిన్న చేపలు, అండ్ల సగం ప్లాస్టిక్. చేపలమ్మే అవ్వ తమ్ముని బిడ్డ చేతులకు ఇసుక అంటుకుంటే తన సీసాల నీళ్లు పోసి కడిగింది, మిగిలినయి తాగమన్నది. ఏ ఊరని తప్ప ఏం అడగలే. అట్లని జాలరోళ్లు మంచోళ్లు, మేడలోళ్లు చెడ్డోళ్లు అని లెక్క రాయను. ఆ అవ్వ వాడ ఎక్కడుందో చూస్తే చాలు. పెదజాలరిపేట సముద్రానికి ఆనుకొని ఉంది, చుట్టూ హోటళ్లు, అపార్ట్‌మెంట్లు పెరిగినయి. సముద్రం ఎవ్వలది గాదని నేను పోరికి చెప్పిన గని సముద్రం కనపడే కిటికీకి మాత్రం ధర ఉన్నది.

ఇగ ఇసుక సంగతి. చిన్నోడు తడి ఇసుకల బొరియ తవ్వుకుంట పోతున్నడు. నడుమ నడుమ దిమ్మెలు వదిలిపెట్టిండు కూలకుండ. వానికి ఎవ్వలు నేర్పలే. మా ఆయన చూసి నవ్వి, "బాయి తవ్వుతున్నడు, పిల్లర్లు గూడ పెట్టిండు" అన్నడు. నిజంగనే గట్లనే ఉంటది. అండర్‌గ్రౌండ్ బాయిల గదులు గదులుగ బొగ్గు తవ్వుతరు, నడుమ వదిలిన బొగ్గు పిల్లర్లే పైకప్పును మోస్తయి. తర్వాత పిల్లర్లు గూడ తీసేటప్పుడు లోపల ఖాళీ అయితది. ఊకె వదిలితే పైన భూమి కుంగుతది. గందుకని గోదావరి ఇసుకను నీళ్లల్ల కలిపి గొట్టాల గుండ కిందికి వదిలి ఆ ఖాళీని నింపుతరు. స్టోయింగ్ అంటరు. మా బాపు చాన ఏండ్లు ఆ పనిలనే ఉన్నడు. ఆయన ఇంటికొస్తే లుంగీ మడతలల్ల, చెవులల్ల ఇసుక ఉండేది. బొగ్గు కార్మికుని ఒంటి మీద బొగ్గు ఉంటదని అందరికి తెలుసు, ఇసుక గూడ ఉంటదని ఆ ఇండ్లల్ల పెరిగినోళ్లకే తెలుసు.

అదంత పిల్లలకు చెప్తున్న. పక్కన మా దోస్తు ఉన్నది, యూనివర్సిటీల నాతోటి చదివింది, వైజాగ్ పిల్ల. ఆమె అన్నది: "మరి నువ్వు కూర్చున్న ఇసుక కూడా అలా పోసిందే." ఇది నాకు కొత్త. విశాఖ రేవుకు అలలకు అడ్డంగ గోడలు కట్టినంక, దక్షిణం నుంచి ఉత్తరానికి ఒడ్డు వెంబడి నడిచొచ్చే ఇసుక అక్కడ ఆగిపోయింది. ఉత్తరం దిక్కున్న ఆర్కే బీచ్‌కు రావాల్సిన ఇసుక రాక ఒడ్డు కోసుకపోవుడు మొదలైంది. అందుకని రేవు కాడ జమైన ఇసుకను డ్రెడ్జర్లు తోడి, నీళ్లల్ల కలిపి, గొట్టాల గుండ పంపి ఈ ఒడ్డున పోస్తుంటయి. పోసింది మళ్ల కొట్టుకపోతది, మళ్ల పోస్తరు. అంటే మన కాడ భూమి కింద చేసే పనే ఇక్కడ పైన చేస్తున్నరు. మా బాపు చేసిన స్టోయింగ్ ఏ ఫొటోల పడలే. ఇక్కడి స్టోయింగ్ మీద జనం సెల్ఫీలు దిగుతున్నరు. పెద్దబిడ్డ ఇది విని ఒక పిడికెడు ఇసుక ఎత్తి చాలాసేపు చూసింది. ఏమనుకున్నదో చెప్పలే.

కురుసుర సబ్‌మెరైన్ గూడ చూసినం. 1969ల నేవీల చేరింది, 2001ల పనిలకెల్లి తీసేసిండ్రు, 2002 నుంచి ఒడ్డు మీద మ్యూజియం. లోపల తల వంచుకొని నడవాలె, గొట్టాలు, ఇనుము, గాలాడదు, ఒకని మంచం మీద ఒకని మంచం. తాత పనిచేసిన బాయి గిట్లనే ఉండెనా అని చిన్నోడు. తాతది ఇంకా చీకటి అన్న. టికెట్ పైసలు ఎక్కువనిపించినయి, గంతే.

మూడో రోజు దోస్తు వాళ్ల అవ్వగారింటికి వన్‌టౌన్‌కు పోయినం. పాత పట్నం. నేను వైజాగ్‌ను ముందుగాల చూసింది రావిశాస్త్రి కథలల్ల, గా సందులు, గా కోర్టులు, గా బీదోళ్లు. ఆ వైజాగ్ ఇంకా ఉన్నదంటే ఇక్కడ్నే ఉన్నది, బీచ్ రోడ్డు మీద లేదు. ఇరుకు సందులు, పాత చర్చిలు, దర్గా కొండ, రేవు క్రేన్లు ఇంటి గోడ మీద్నుంచే కనపడ్తయి. చిన్నోడు కిటికి కాడికి పోయి చువ్వ మీద వేలు గీకి నాకు చూపించిండు. నల్లగ.

"అమ్మా, మనింటిదే."

రేవుల దిగే బొగ్గు దుమ్ము అది. వన్‌టౌన్ జనం ఏండ్ల నుంచి దీని మీద కొట్లాడుతున్నరు, పేపర్లల్ల రాస్తరు, వినతిపత్రాలిస్తరు, నీళ్లు చల్లుతరు, మళ్ల మామూలే. దోస్తు వాళ్ల అవ్వ తడిగుడ్డ తీసి కిటికి తుడుసుకుంట, "రోజుకు మూడుసార్లమ్మా, తుడిసినా అంతే" అన్నది. మా ఇంట్ల గూడ అదే లెక్క, మూడుసార్లు. ఆమె కిటికి మీద ఉన్నది మన బొగ్గు గాదు. మన గోదావరి లోయ బొగ్గు కోకింగ్‌కు పనికిరాదు, కరెంటుకు, సిమెంటుకు పోతది. ఉక్కు కరిగించే బొగ్గు ఆస్ట్రేలియా లాంటి దేశాల నుంచి ఓడలల్ల వస్తది. ఎక్కడి బొగ్గయినా చివరికి అంటుకునేది గిసొంటి కిటికీలకే. బీచ్ రోడ్డు అద్దాల మేడల మీద నేను వేలు గీకి చూడలేదనుకోండ్రి, గని అక్కడ తుడిచే మనిషికి జీతం ఇస్తరు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలె. బీచ్‌ల మొదటి రోజు మా పెద్దబిడ్డకు ఇద్దరు దోస్తులు దొరికిండ్రు, హైదరాబాద్ పిల్లలు. ఏ ఊరని అడిగితే "కరీంనగర్" అన్నది. ఇంతకుముందు ఒకసారి ఏదో ఆటల పోటీకి పోతే "బొగ్గు బ్యాచ్ వచ్చింది" అని నవ్విండ్రట, అప్పటిసంది ఊరి పేరు పక్కకు జరిపింది. కులం అడిగితే దాచలే, ఊరు అడిగితే దాచింది. నాకు ఇది ఎదురు తిరిగినట్టనిపించింది. మేం ఇంట్ల కులం గురించి మాట్లాడినం, జెండా పట్టించినం, ఏప్రిల్ 14కు ఊరేగింపుల తిప్పినం. నలుపు గురించి మాట్లాడినం గని దుమ్ము గురించి ఎవ్వలు మాట్లాడరు గదా. వన్‌టౌన్‌ల ఆ అవ్వ "మీదే ఊరమ్మా" అంటే బిడ్డ "గోదావరిఖని" అన్నది. నేనేం అనలే, కిటికి దిక్కు చూసిన.

చివరి రోజు బస్సుల కూర్మన్నపాలెం దిక్కు పోయినం, స్టీల్ ప్లాంట్ గేటు చూద్దామని. పిల్లలకు బోర్ కొట్టింది, ఐస్‌క్రీం లంచం పెట్టాల్సొచ్చింది. గని నేను చూడాలనుకున్నది బీచ్ కంటే అదే. 1966ల 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని లేస్తే 32 మంది పానాలు పోయినయి. 1971 జనవరిల ఇందిరాగాంధి పునాదిరాయి వేసింది. 64 ఊళ్లు భూములిచ్చినయి. నిర్వాసితులకు ఆర్ కార్డులిచ్చిండ్రు, కార్డు పట్టుకొని నౌకరి కోసం ఎదురుచూసుకుంట ముసలోళ్లయినోళ్లు వేలమంది. 2021 జనవరి 27న ఢిల్లీల ఆ ప్లాంట్‌ను మొత్తంగ అమ్ముదామని నిర్ణయం చేసిండ్రు. ఆ ఫిబ్రవరి నుంచి గేటు కాడ దీక్షలు. 2025 జనవరిల 11,440 కోట్ల ప్యాకేజీ అన్నరు. సొంత గని మాత్రం ఇప్పటికీ ఇయ్యలే. గనులు లేని ఉక్కు కార్ఖానా ఎట్ల నష్టపోకుంట ఉంటది, మీరే చెప్పుండ్రి.

మన కాడ 2024 జూన్‌ల శ్రావణపల్లి బొగ్గు బ్లాకును వేలంల పెట్టిండ్రు, అది గూడ హైదరాబాద్‌ల సభ పెట్టి. అక్కడ గని ఇయ్యక కార్ఖానాను ఎండబెట్టుడు, ఇక్కడ కొత్త బ్లాకు ఇయ్యక కంపెనీని ఎండబెట్టుడు. సింగరేణిల ఒకప్పుడు లక్షకు పైన కార్మికులు ఉండిరి, ఇప్పుడు సగం గూడ లేరు. తగ్గిన నౌకర్లు ఏడికి పోయినయి? మా తమ్ముడు పనిచేసే కాడికి పోయినయి. పని ఉన్నది, రోస్టర్ లేదు. అక్కడ రిజర్వేషన్ అడిగేటోడు లేడు, ప్రమోషన్ లేదు, దవాఖాన లేదు. 2022 సెప్టెంబర్‌ల కాంట్రాక్టు కార్మికులు 18 రోజులు సమ్మె చేసిండ్రు, హైపవర్ కమిటీ జీతాలు ఇయ్యమని. వాళ్లల్ల ఎక్కువమంది ఎవ్వలో మీరు ఏ ఓసీపీ గేటు కాడ నిలబడ్డా తెలుస్తది. ప్రభుత్వ రంగం అమ్ముతున్నరంటే యూనివర్సిటీల తమ్ముళ్లు దాన్ని యూనియనోళ్ల సంగతి అనుకుంటరు. మా ఇంట్ల మొదటిసారి పలకా బలపం కొన్నది, గోడకు బాబాసాహెబ్ ఫొటో పెట్టింది, ఇప్పుడు పిల్లలకు సముద్రం చూపించింది ఆ నౌకరి పైసలే.

అక్కడ్నుంచి వచ్చి రాత్రి రైలు దాక టైముంటే తొట్లకొండ ఎక్కినం, భీమిలి రోడ్డుల. ఇంత ఎండల కొండేందని అందరు తిట్టిండ్రు. పైన బౌద్ధారామం, రెండువేల ఏండ్లది. రాయిల తొలిచిన నీళ్ల తొట్లు ఉన్నయి, కొండకు పేరు వాటి మీద్నుంచే వచ్చింది. భిక్షువులు వాన నీళ్లు పట్టుకొని తాగినయి. సంఘంల చేరినంక కులం అడిగేది లేదని చెప్పిన. తమ్ముని బిడ్డ తొట్టి అంచున కూసొని, అయితే అప్పుడు కుళాయి లేదా అన్నది. పెద్దపిల్లలకంటే ఈమె ఎక్కువ వింటుందని అప్పుడు తెలిసింది. మన పెద్దపల్లి జిల్లా ధూళికట్టల గూడ గిసొంటిదే స్తూపం ఉన్నది, ముచలింద నాగు చెక్కిన రాతిపలక దొరికింది అక్కడ్నే. ఇంటికాడ్నుంచి అది ఎంత దూరమని అడిగిండ్రు. పెద్దపల్లి అవతలనే అన్న. పైసలెంతయితయని తమ్ముని బిడ్డ అడిగింది. బస్సు కిరాయే అన్న. "మరి మా నాయిన గూడ వస్తడు" అన్నది.

జూన్‌ల బడి తెరిచేలోపు ఒక ఆదివారం పోతం. తమ్మునికి ఆ రోజు మస్టర్ పోతది, అడిగి చూడాలె.